దెబ్బ తగలని డెమో

నోరు మెదపకూడదు. ఆడేవాళ్ళ వెనక నిలబడ్డప్పుడు ఏం జరిగినా సరే, కొంప మునుగుతున్నా సరే, నోరు మెదపకూడదు. అది చెల్లెలు పెట్టిన నియమం. ఆ మాటకొస్తే ఈ హాల్లో బల్లలు వేసుకు కూర్చున్న వాళ్ళందరి నియమమూ అదే, ఎందుకంటే రేపు గేమ్ కొనుక్కున్నవాడి ఇంట్లో, వాడి వీపు వెనక నిలబడి "అటు కాదండీ, ఇటు" అని చెప్పడానికి చేసినవాళ్ళు ఉండరు కదా. అందుకని అక్క రెండడుగులు వెనక్కి వేసి, చేతులు ఊరుకోవు కాబట్టి వాటికి ఒక నీళ్ళ సీసా అప్పజెప్పి, కుర్చీలో సర్దుకుంటున్న మొదటిచూపాయన నడినెత్తిన పలచబడ్డ జుట్టును చూస్తూ నిలబడింది. ఆయన్ని ఇక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఇంకా బయటికి రాని గేముల డెమోలు ఆడి, ఆడగానే తనకేమనిపించిందో "మొదటి చూపు" అనే శీర్షిక కింద రాస్తాడు, ఒక్కోదానికి ఒక పేరా, మహా అయితే రెండు, ఆ రెండు పేరాలతోనే చిన్నవాళ్ళు చేసిన గేములు గట్టెక్కడమో అడ్రసు లేకుండా పోవడమో జరుగుతుంది. పొద్దుట్నుంచీ ఆయన ఈ వరసలో బల్ల తరవాత బల్ల దాటుకుంటూ వస్తుంటే మెడ సాచి చూస్తూనే ఉంది అక్క, చూసీ చూసీ మెడ పట్టేసింది, మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి, తీరా ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నాక వస్తుందనుకున్న ఆనందం రాలేదు. నిద్ర వస్తోంది.

చెల్లెలు ఉంటే పక్కన నిలబడి మణికట్టు పట్టుకునేది. పట్టుకోవాల్సి వచ్చింది కూడా. కిందటేడు ఇలాంటి హాల్లోనే ఒకావిడ ఆడుతుంటే అక్క ఆగలేక "ఎడమ, ఎడమ, ఇప్పుడు కొట్టండి, అయ్యో" అంటూ ఆవిడ భుజం మీదికి వంగిపోయింది, ఆవిడ కంట్రోలర్ బల్ల మీద పెట్టి "అయితే మీరే ఆడుకోండి" అని లేచి వెళ్ళిపోయింది, చెల్లెలు ఆ మాట తలుచుకుని తలుచుకుని నవ్వి, నవ్వడం అయ్యాక ఆ నియమం పెట్టింది. ఇవాళ చెల్లెలు రాలేదు. "నాకు ఓపిక లేదక్కా, నువ్వెళ్ళు" అంది. ఓపిక లేకపోవడమంటే ఏమిటో అక్కకి తెలుసు. సోఫాలూ బీరువాలూ అమ్మే పెద్ద దుకాణం వాళ్ళు ప్రకటనలకు బొమ్మలు వేసే ఉద్యోగం ఇస్తామన్నారు, వాళ్ళకి అవునో కాదో ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి. కాదని చెప్పించాలంటే చెల్లెలి చేతిలో పెట్టడానికి ఒక్క కారణమైనా ఉండాలి, ఆ కారణం ఇదిగో ఇప్పుడు కుర్చీలో కూర్చుని కంట్రోలర్ అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. ఈయన మొహంలో ఒక్క మంచి గుర్తు కనపడితే చాలు, బయటికి పరుగెత్తి ఫోన్ చేసి "ఆగవే, చెప్పకు, ఆయనకి నచ్చింది" అనాలి. చెల్లెలు లేకపోతే గేమ్ ఉండదు. ఉండదా అంటే ఉంటుంది, తలుపులు తెరుచుకుంటాయి, మెట్లు దిగొచ్చు, కొట్టుకోవచ్చు, కాకపోతే ఉత్త బూడిదరంగు డబ్బాల మధ్య కొట్టుకోవాలి. గేములో కదిలేదంతా అక్క చేసింది, కనపడేదంతా చెల్లెలు వేసింది.

పక్క బల్ల చేపలాయన కళ్ళెగరేసి ఎలా ఉంది అని అడిగాడు. ఇంకా మొదలే పెట్టలేదు అని అక్క కూడా కళ్ళతోనే చెప్పింది. చేపలాయన లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఒక్కడే కూర్చుని ఒక గేమ్ చేసుకున్నాడు, అందులో జాలరి గాలంతోనే రాక్షసుల్ని పట్టి ఒడ్డుకి లాగాలి. ఆయన బల్ల దగ్గర మొదటిచూపాయన రెండుసార్లు నవ్వాడు. నవ్వడం మంచిదో కాదో ఎవరు చెప్పొచ్చారు, కిందటిసారి ఒక డెమో దగ్గర పగలబడి నవ్వి, రాయడం మాత్రం "నవ్వొచ్చింది, అది వాళ్ళు నవ్వించాలనుకున్న చోట కాదు" అని రాశాడు. మిడత మీద ఎక్కి ఉత్తరాలు పంచే గేమ్ గురించి "ఎగరడం బాగుంది, ఎవరికి ఇస్తున్నామో పట్టలేదు" అన్నాడు. ఆరు వంశాలూ అరవై ఆయుధాలూ ఉన్న ఇంకోదాని గురించి "పేర్లు చదివేసరికి డెమో అయిపోయింది" అన్నాడు. ఇవన్నీ అక్కకి కంఠతా వచ్చు, చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇంత శ్రద్ధగా అప్పజెప్పలేదు. పొద్దున జనం రాకముందు తనూ హాలంతా తిరిగి అందరి డెమోలూ కాసేపు కాసేపు ఆడి చూసింది, ప్రతిదాంట్లోనూ ఎవడో ఒకడు ఎక్కడో లేస్తాడు, వాడికి తనెవరో గుర్తుండదు. ఇంతమంది వీరులకి ఒకేసారి మతిమరుపు ఎలా వచ్చిందో. ప్రతి డెమోలోనూ మొదటి గది మెరిసిపోతుంది, రెండో గదికి వెళ్తే సున్నం సరిపోనట్టుంటుంది. అందరికీ తెలుసు ఈయన మొదట చూసేదేమిటో. తన గేమ్ అలాంటిది కాదని అక్క ధైర్యం. తన గేములో మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా ఒకటే గట్టితనం, ఎక్కడా మోసం లేదు, ఆ కొట్లాట మీద మూడేళ్ళు కళ్ళు ధారపోసింది, చూపు కూడా కాస్త తగ్గింది.

మొదలుపెట్టాడు. తెర మీద కాపలామనిషి, నడివయసు ఆడమనిషి, నీళ్ళలోకి సగం కుంగిపోయిన పెద్ద ఇళ్ళ సముదాయానికి కాపలా, చేతిలో టార్చి, ఇంకో చేతిలో ఇనప కడ్డీ. అందరూ ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఆ భవనంలో కింది అంతస్తులో ఎవరో మిగిలిపోయారని ఆవిడకి అనుమానం, అందుకని పైనుంచి లెక్కపెట్టుకుంటూ ఒక్కో అంతస్తే దిగుతుంది, దిగేకొద్దీ గోడల మసిలోంచి మనుషులు లేస్తారు. మసిమనుషులు. వాళ్ళు అక్క బిడ్డలు. ఒక్కొక్కడి నడక వేరు, చెయ్యెత్తే ముందు భుజం ఎంత వంచుతాడో వేరు, ఆ వంపు కనిపెట్టినవాడు బతుకుతాడు, కనిపెట్టనివాడు చచ్చి మళ్ళీ పైనుంచి మొదలుపెడతాడు. అక్క మొగుడు ఇప్పటికీ మొదటి వసారా దాటలేదు, "చచ్చీ చచ్చీ నా బొటనవేలు అరిగిపోయింది తల్లీ, మీ అక్కకి నా మీద ఏమైనా కోపమా" అని మరదలితో మొరపెట్టుకుంటాడు. మొదటిచూపాయన టార్చి అటూ ఇటూ వేస్తూ వసారాలోకి వచ్చాడు. ఇప్పుడు కుడి మూల నుంచి ఒకడు లేస్తాడు. లేచాడు. భుజం వంచాడు. ఈయన చూడలేదు, తగిలింది దెబ్బ, మంచిది, మొదటిది అందరికీ తగులుతుంది, ఇప్పుడు పైన ప్రాణాన్ని చూపించే ఎర్ర గీత మూడోవంతు తగ్గాలి. తగ్గలేదు. ఇంకోటి తగిలింది. గీత అంగుళమైనా కదలలేదు. మూడోది తగిలేసరికి అక్కకి గుండె జారి సీసాలో పడ్డట్టయింది.

మీట తీయలేదు. నిన్న నాలుగో అంతస్తులో ఒక తలుపు ఇరుక్కుపోతోందని చూడటానికి వెళ్ళింది, అక్కడిదాకా పోరాడుతూ పోతే ఎప్పటికి తెములుతుందని చావు ఆపే మీట నొక్కి పెట్టుకుంది, అంటే ఎవరెంత కొట్టినా కాపలామనిషికి ఏమీ కాదు, గేములు చేసే ప్రతివాళ్ళ దగ్గరా ఉంటుంది అలాంటిదొకటి, తలుపు బాగుచేసింది, సంబరపడింది, మీట అలాగే ఉండగా డెమో కాపీ తీసింది. తీసిన ప్రతి కాపీనీ బయటికిచ్చే ముందు ఒకసారి చచ్చి చూడాలి. అది వాళ్ళింట్లో పద్ధతి, ఆ పని చెల్లెలిది. కాపీ చేతికి రాగానే చెల్లెలు వసారాలోకి వెళ్ళి, మొదటి మసిమనిషి ఎదురుగా నిలబడి, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, "రా నాయనా, కానీ" అనేది. వాడు కొట్టేవాడు, చచ్చేది, "చచ్చానక్కా, పంపించెయ్" అని కేకేసేది వంటింట్లోకి. మూడేళ్ళుగా ఎన్ని కాపీలు వెళ్ళాయో అన్నిసార్లు చచ్చింది చెల్లెలు. ఈసారి చావడానికి మనిషి లేదు, ఆ సంగతి కూడా అక్కకి తట్టలేదు, అంత పొద్దున్నే బట్టలు ఇస్త్రీ చేసుకోవడం తట్టింది గానీ.

చెప్పాలా? "ఒక్క నిమిషమండీ, తప్పు కాపీ" అనాలా? అంటే ఆగుతాడు, మళ్ళీ పెట్టొచ్చు, కానీ మొదటి చూపు మొదటిదే కదా, అది ఎప్పుడో పడిపోయింది, పైగా ఎలాంటివాళ్ళు చేశారో ఈ గేమ్ అన్న అనుమానం దాంతోపాటు పడుతుంది. చెప్పకపోతే తన మూడేళ్ళ కొట్లాట ఈయన కళ్ళకి ఒట్టి దూది పోట్లాట. భుజాల వంపులన్నీ గంగపాలు. అక్క సీసా మూత తిప్పింది, మళ్ళీ బిగించింది. నియమం నియమమే అనుకుంది, అది నియమం మీద గౌరవం కాదు, అలసట, మాట్లాడటానికి కావాల్సిన ఊపిరి కూడా ఎక్కడో దారిలో అయిపోయింది, ఎటూ పోతే పోనీ అనిపించింది. ఇంతలో మొదటిచూపాయనకి అర్థమైనట్టుంది, ఎందుకంటే కడ్డీ ఊపడం మానేశాడు. మసిమనుషులు చుట్టూ మూగి పాపం వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు, ఈయన వాళ్ళని సంతలో జనాన్ని తోసుకుపోయినట్టు తోసుకుంటూ రెండో అంతస్తు దిగి, ఒక గది తలుపు తీసి, లోపలికి వెళ్ళి నిలబడ్డాడు. ఉత్తినే నిలబడ్డాడు. ఈ గేములో ఇంతవరకూ ఎవరూ ఉత్తినే నిలబడలేదు. నిలబడితే చస్తారు.

టార్చి వెలుగు నెమ్మదిగా గది చుట్టూ తిరిగింది. కుర్చీ వీపు మీద తువ్వాలు, దాని మీద తడి ఇంకా ఆరని మూల. కిటికీ గట్టు మీద కప్పు పెట్టీ పెట్టీ పడ్డ గుండ్రటి మరకలు, ఒకదాని మీద ఒకటి, ఎవరో చాలా ఏళ్ళు అక్కడే కూర్చుని బయటికి చూస్తూ తాగారు. గోడ మీద మేకు, మేకు చుట్టూ కాస్త తెల్లగా మిగిలిన చోటు, ఖాళీ చేసినప్పుడు ఏదో పటం తీసుకుపోయారన్నమాట. ఇవి ఎప్పుడు వేసింది ఇది? అక్కకి నిజంగానే తెలియదు. తను పనిచేసేటప్పుడు బొమ్మలన్నీ తీసేసి ఉత్త గోడలతో పనిచేస్తుంది, లేకపోతే మిషన్ నత్తలా నడుస్తుంది, బొమ్మలతో ఆడినప్పుడు కూడా చూపంతా మసివాళ్ళ భుజాల మీదే. చెల్లెలు ఎన్నిసార్లు అంది, "ఒక్క నిమిషం ఊపిరి తీసుకోనీ అక్కా వాళ్ళని, నేను వేసింది వేసినట్టే పోతోంది" అని. "ఊపిరి తీసుకుంటే భయం పోతుందే" అని తను. భోజనాల దగ్గర, బస్సులో, దవాఖానాలో అమ్మ కంటి పరీక్ష అయ్యేదాకా బెంచీ మీద, అదే మాట, అదే జవాబు, చివరికి చెల్లెలు అనడం మానేసింది. మానేస్తే ఒప్పుకుందనుకుంది అక్క. మొదటిచూపాయన గది తరవాత గది చూస్తున్నాడు, ఆయన వీపు కుర్చీకి ఆనడం మానేసి ముందుకు వంగింది, అక్క కూడా తెలియకుండానే ఒక అడుగు ముందుకేసింది.

మూడో అంతస్తు చివరి గది. ఇక్కడ ఎనిమిదిమంది ఒక్కసారిగా పడతారు, డెమో మొత్తానికి ఇదే గట్టి గది, అక్కకి గర్వంగా ఉండే గది. చెల్లెలు ఎప్పుడూ దేనికీ పట్టుపట్టని మనిషి దీని దగ్గర మాత్రం "ఈ ఒక్క గదిలో ఎవర్నీ పెట్టకక్కా" అంది. అక్క కాగితం మీద గీసి మరీ చూపించింది, కష్టం ఎక్కడెక్కడ పెరగాలో, మూడో అంతస్తు చివర ఎందుకు పెట్టక తప్పదో. మంచి కారణాలే. అక్క దగ్గర ఎప్పుడూ మంచి కారణాలే ఉంటాయి. ఎనిమిదిమందీ మీద పడ్డారు, ఎర్ర గీత చెక్కుచెదరలేదు, ఈయన వాళ్ళ మధ్యలోంచే టార్చి ఎత్తి పట్టాడు. గదిలో గోడవారగా ఒక మంచం. ఇద్దరు పడుకునే మంచం కాదు, ఇద్దర్ని పడుకోబెట్టిన మంచం. మధ్యలో పొడుగ్గా చుట్టి పెట్టిన దుప్పటి. అక్క చేతిలో సీసా కిర్రుమంది. అమ్మ చుట్టి పెట్టేది దుప్పటి, రోజూ జాగా కోసం కొట్టుకుంటున్నారని, ఇటు నీది, అటు దానిది, ఇక నోరెత్తారంటే ఇద్దర్నీ నేల మీద పడేస్తాను అని. అక్క మోకాలితో దాన్ని కొంచెం కొంచెంగా జరిపేది. తను పెద్దది కాబట్టి, తనకి పరీక్షలు కాబట్టి, ఎండాకాలం గోడ వేడెక్కుతుంది కాబట్టి. తెర మీద దుప్పటి చుట్ట సరిగ్గా మోకాలు ఆనిన చోట వంగి ఉంది. ఇవతల పట్టీ జానెడు కూడా లేదు. ఆ జానెడు వైపు, మంచం కింద నేల మీద, ఒక దిండు వేసి ఉంది. ఆ దిండు. పొద్దున లేచి చూస్తే చెల్లెలి దిండు ఎప్పుడూ నేల మీదే ఉండేది, "దిండు కింద పడేసుకుని ఎలా పడుకుంటావే మొద్దూ" అని తిట్టేది తను, అది ఏమీ అనేది కాదు. పడేసుకోలేదు. పడితే తగలకుండా పెట్టుకుంది. ఇన్నేళ్ళకి, ఇంకొకరి వీపు వెనక నిలబడి, ఒక డెమోలో, ఆ సంగతి తెలిసింది అక్కకి, తెలిసి సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. మొదటిచూపాయన టార్చి వెలుగు దిండు మీద ఆగి చాలాసేపు కదల్లేదు.

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుని వెనక్కి తిరిగాడు.

"ఒకటి అడగొచ్చా? వీళ్ళు ఎంత కొట్టినా ఆవిడకి ఏమీ కాదు. కావాలనే పెట్టారా?"

అవునంటే సరిపోతుంది. ధైర్యమైన ఆలోచన అని రాస్తాడు కూడా.

"కాదండీ, పొరపాటు. మేం పరీక్షించుకోవడానికి పెట్టుకునే మీట, తీయడం మరిచిపోయాను. అసలైతే ఈపాటికి మీరు ఓ పాతికసార్లు చచ్చిపోయుండాలి."

ఆయన పెద్దగా నవ్వాడు. "మరి చెప్పరేం మధ్యలో?"

"ఆడేవాళ్ళ వెనక మాట్లాడకూడదని మా చెల్లెలు పెట్టిన రూలు."

"మంచి రూలే." వాచీ చూసుకున్నాడు. "ఇంకాస్త టైముంది. సరైన కాపీ పెట్టండి, ఆ కొట్లాటలు కూడా చూసి వెళ్తాను. పాపం అంత చేశారు కదా."

అంత చేశాను. అవును. ల్యాప్‌టాప్‌లో ఒక్క మీట మార్చడం, అంతే, మళ్ళీ వసారా, మళ్ళీ కుడి మూల, భుజం వంపు, ఈసారి ఎర్ర గీత జర్రున తగ్గుతుంది, ఈయన కుర్చీలో ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే ఇక గదుల్లోకి చూడడు, ఎవరూ చూడలేదు, మంచం దగ్గరికి వెళ్ళేసరికి బతకడం తప్ప ఇంకేమీ తోచదు, రేపు రాసేది ఆ కొట్లాట గురించే రాస్తాడు. మూడేళ్ళు. కళ్ళు మండుతున్నాయి. నా వంతు కూడా చూడండి అని చెయ్యి ముందుకెళ్ళింది కూడా.

"వద్దండీ. చూసింది చూసినట్టు రాయండి," అంది అక్క.

"మీ ఇష్టం. ఆ గదులు వేసిందెవరు?"

"మా చెల్లెలు."

"రాలేదా?"

"లేదండీ. ఓపిక లేక."

ఆయన తల ఊపి, సంచీ భుజాన తగిలించుకుని, తరవాతి బల్ల వైపు వెళ్ళిపోయాడు. మనసులో మాట ఆ బల్ల దగ్గరే చెప్పేయడం ఆయనకి అలవాటు లేదు. చేపలాయన "ఏమన్నాడమ్మా?" అంటే "ఏమీ అనలేదండీ, కాస్త నా బల్ల చూస్తుండండి" అని చెప్పి, అక్క హాలు బయట మెట్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కూర్చున్నాక గానీ తెలియలేదు కాళ్ళు ఎంత నొస్తున్నాయో. సాయంత్రం కావడానికి ఇంకా చాలా ఉంది, ఎండ మెట్ల మీద సగం దాకా ఉంది, టైముంది, చెప్పొచ్చు. ఆయనకి నచ్చిందనే చెప్పొచ్చు, అది అబద్ధం కాదు. కానీ ఇప్పుడు అసలు చెప్పాలనున్నది అది కాదు. రెండో రింగుకే ఎత్తింది చెల్లెలు.

"చెప్పక్కా. వచ్చాడా ఆయన?"

"వచ్చాడు, ఆడాడు. నువ్వు దుకాణం వాళ్ళకి ఇంకా ఏం చెప్పలేదు కదా?"

"పొద్దున్నే చెప్పేశాను. వస్తానని."

"సాయంత్రం దాకా టైముందన్నావుగా."

"ఉంది. అప్పటిదాకా ఆగితే నువ్వు ఫోన్ చేస్తావని తెలుసు." గొంతులో దెప్పిపొడుపు లేదు, అలసట ఉంది, ఇద్దరిదీ ఒకటే గొంతు అని బయటివాళ్ళు అనేవాళ్ళు, నిజమేననిపించింది అక్కకి. చెల్లెలే అలవాటు కొద్దీ అడిగింది. "ఎన్నిసార్లు చచ్చాడు?"

"ఒక్కసారి కూడా చావలేదు. చావు మీట తీయడం మరిచిపోయాను. నువ్వు లేవు కదా, ముందు చచ్చి చూసేవాళ్ళు లేరు."

చెల్లెలు ఫక్కున నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది. "అయితే మూడో అంతస్తు..."

"వెళ్ళాడు. చివరి గదిలో చాలాసేపు నిలబడ్డాడు. వేసిందెవరని అడిగాడు."

"నువ్వు చూశావా?"

"ఇవాళే చూశాను."

అవతల ఏదో గిన్నె పక్కన పెట్టిన చప్పుడయింది. "ఎలా ఉంది?" అంది చెల్లెలు, మూడేళ్ళు కలిసి చేసినదాని గురించి, ఈ హాల్లో బల్ల బల్ల దగ్గరా అందరూ ఆ పలచటి జుట్టాయన్ని అడగాలనుకుని అడగలేనట్టే, భయంగా.

బాగుంది అంటే సరిపోదు. అక్క నోటికొచ్చింది అనేసింది.

"నీ వైపు మరీ అంత కొంచెం జాగా వేశావేమిటే?"

"ఉన్నంతే వేశానక్కా," అంది చెల్లెలు, కోపం లేకుండా.